బాణం తోకలోని రాళ్ళు

నేను రాసిన చిన్న పుస్తకంలో రెండు అబద్ధాలున్నాయి. ఒకటి తెలిసి రాసింది, ఒకటి తెలియక రాసింది. పుస్తకమంటే పెద్దదేమీ కాదు, పన్నెండు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల సరిహద్దు మీద ఒక రాతి గుట్ట ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాని మీద ఒక చిన్న సైనిక కాపలా శిబిరం ఉండేది. ఆ శిబిరం చరిత్రే నా పుస్తకం. గుట్ట కింద ఊళ్ళో, సమాచార కేంద్రం బల్ల మీద, ఆపిల్ రసం సీసాల పక్కన ఇప్పటికీ ఉంటుంది. ఎవరైనా ఊరికే తీసుకుపోవచ్చు. మొదటి ముద్రణ వెనక అట్ట మీద పట్టుచీరలో నా ఫోటో ఉంది. ఆ ఫోటో వెయ్యమని అడిగింది కూడా నేనే.

తెలిసి రాసిన అబద్ధం తొమ్మిదో పేజీలో ఉంది. "కాలక్రమంలో గాలివానల వల్ల, పశువుల సంచారం వల్ల ఇక్కడి రాళ్ళు చెదిరిపోయాయి." ఎంత హుందాగా ఉందో చూడండి. గాలికీ పశువులకీ నోరు లేదు కదా అని నేరం వాటి మీదకి తోసేశాను. ఆ రాళ్ళు చెదరగొట్టింది నేను.

మేం క్వీన్స్‌లాండ్‌లోనే టూవూంబా అనే ఊళ్ళో ఉంటాం. వచ్చి ఇరవై మూడేళ్ళయింది. మా ఆయన ఆసుపత్రిలో డాక్టరు, నేను యూనివర్సిటీలో, ఇక్కడివాళ్ళ మాటలో యూనిలో, లెక్కలు చెప్తాను. ఇక్కడి తెలుగువాళ్ళ పండగలూ పబ్బాలూ ఏవైనా నా చేతుల మీదుగా జరగాల్సిందే. జరగకపోతే నాకు నిద్రపట్టదు, జరిగితే మిగతావాళ్ళకి పట్టదు అని మా ఆయన ఎగతాళి చేస్తుంటారు.

మూడేళ్ళ కిందట కార్తీక వనభోజనాలకి ఆ గుట్టని ఎంచింది కూడా నేనే. అంతకుముందు ఏటా ఊళ్ళో పార్కులోనే చేసేవాళ్ళం. ఒక పక్క మన పులిహోర, పక్క షెడ్డులో ఎవరివో సాసేజీలు, మధ్యలో పిల్లల ఊయలలు. ఈసారి నిజంగా వనంలోనే తిందామని పట్టుబట్టాను. అక్కడి స్థానిక కౌన్సిల్ అనుమతి తెచ్చాను. రెండు గంటల దారి, పద్నాలుగు కార్లు. ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? కుండీలో పెంచుకున్న ఉసిరి మొక్కని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం.

గుట్ట పైన బల్లపరుపుగా ఉంటుంది. పాత సిమెంటు గచ్చు ఒకటి, తుప్పు పట్టిన ఇనుప కడియాలు రెండు, గడ్డిలో సగం మునిగిన రాళ్ళ వరసలు. యుద్ధకాలపు స్థలం అని చిన్న బోర్డు కూడా ఉంది. దాన్ని నేను చదివాను, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. అంతకుమించి ఒక్క క్షణం ఆలోచించలేదు.

వంటకి పెద్ద గ్యాస్ పొయ్యి తెచ్చుకున్నాం. గుట్ట మీద గాలి ఎలా ఉంటుందో ఎవరం అనుకోలేదు. గుండిగ కింద మంట ఒక పక్కకి పడిపోతోంది. వంట చూస్తున్న కుర్రాడు, మైనింగ్ కంపెనీలో ఇంజనీరు, నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మంట నిలుస్తలేదు. ఆ రాళ్ళు తెచ్చి అడ్డం పెడ్దమా? ఎవరన్న ఏమన్న అంటరేమో?"

"రాళ్ళకి కూడా పర్మిషన్ అడగాలా ఏంటి? తెచ్చి పెట్టండి" అన్నాను.

అతను అడిగాడు, నేను చెప్పాను. ఇంకెవరి తప్పూ లేదు. పది మంది కలిసి గడ్డిలోంచి రాళ్ళు పెకలించి పొయ్యి చుట్టూ గోడలా పేర్చారు. నేను ఒక చదునైన రాయి ఏరుకున్నాను. దాని చుట్టూ తెల్లటి చార, పార్సెలుకి దారం కట్టినట్టు ఉంది. ఉసిరి కుండీ ముందు దాన్ని పెట్టి, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి దాని మీద దీపం వెలిగించాను. అందరూ బాగుందన్నారు.

వంట అయ్యే వేళకి, ఇక్కడి రైతులు వాడే వెనక తొట్టి ఉన్న యూట్ బండి ఒకటి పైకి వచ్చింది. టోపీ పెట్టుకున్న ముసలాయన దిగాడు. కింద పొలం ఆయనదేనట, గుట్ట మీద ఆవుల్ని మేపుకునే హక్కు కౌన్సిల్ ఆయనకి ఇచ్చిందట. ఫిర్యాదు చేస్తాడు, ఇండియన్లు వచ్చి పొగలూ వాసనలూ పెట్టారంటాడు అనుకున్నాను. ఆయన నోరు తెరవకముందే ప్లేటు నింపి చేతిలో పెట్టాను. పులిహోర, గారెలు, చక్రపొంగలి. తినేదాకా ఎదురుగా నిలబడి నవ్వుతూనే ఉన్నాను. ఆయన నెమ్మదిగా తిన్నాడు, పొయ్యి వైపూ దాని చుట్టూ రాళ్ళ వైపూ చూశాడు, చాలా బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక శుభ్రం చేయడం మొదలుపెట్టించాను. ఇది నాకున్న జబ్బు. మనవాళ్ళు చెత్త చేసి పోయారన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఒక్క విస్తరాకు ముక్క కూడా మిగలనివ్వలేదు. యూకలిప్టస్ కొమ్మలు విరిచి నేలంతా ఊడిపించాను. చివరికి ఆ రాళ్ళు మిగిలాయి. కొన్ని మసిబారాయి, కొన్నింటి మీద పసుపూ నూనే. వాటిని అలా వదిలేస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఒకటొకటిగా మోయించి పక్కనున్న వాగు గండిలోకి దొర్లించేయించాను. దీపం పెట్టిన రాయిని నేనే విసిరాను. మనం వచ్చి వెళ్ళినట్టు కూడా తెలియకూడదు అని అందరితో అన్నాను. అంతా చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక కౌన్సిల్‌కి ధన్యవాదాల ఉత్తరం రాశాను. అందులో ఆ స్థలం గొప్పతనం పొగిడి, నా వల్ల ఏదైనా సాయం కావాలంటే చేస్తానని కూడా రాశాను. ఆ ఉత్తరం చేతులు మారి అక్కడి చరిత్ర సంఘానికి చేరింది. సంఘంలో ఉన్నది ఏడుగురు, అందరూ డెబ్బై దాటినవాళ్ళు. మా శిబిరం చరిత్ర రాసేవాళ్ళు లేరు, మీరు యూనిలో పనిచేస్తారు కదా, రాసిపెట్టగలరా అని అడిగారు. నేను చెప్పేది లెక్కలే, చరిత్ర కాదని చెప్పి ఉండొచ్చు. కానీ అడిగినందుకే పొంగిపోయాను.

వాళ్ళు నన్ను ఒకావిడ దగ్గరికి పంపారు. ఎనభై దాటిన మనిషి, చెక్క ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. వాళ్ళ నాన్న ఆ శిబిరంలో వంటవాడు. జులై నెల, బయట మంచు గడ్డకట్టి ఉంది. ఆవిడ టీ, కేకు ముక్క పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.

శిబిరంలో ఒకసారికి ఎనిమిది మంది ఉండేవారట. రేకుల గది, నీళ్ళ ట్యాంకు, ఒక ఫోను. తెల్లారింది మొదలు చీకటి పడేదాకా వంతులేసుకుని ఆకాశం వంక చూడటం, విమానం చప్పుడు వినిపిస్తే ఫోన్ చేసి చెప్పడం వాళ్ళ పని. రెండు చలికాలాలు అలా చూశారు. ఒక్క శత్రు విమానమూ రాలేదు. వచ్చినవల్లా సొంత సైన్యానివే, దారి తప్పి వచ్చినవి. అలాంటివాటి కోసమే నేల మీద రాళ్ళతో పెద్ద బాణం గుర్తు పేర్చి సున్నం కొట్టారు. దిగడానికి చదునైన మైదానం ఎటు ఉందో ఆ బాణం చూపించేది.

వారానికోసారి ఇద్దరు సైనికులు లోయలోకి దిగి, పళ్ళతోటల్లో ఉన్న ఇటలీ కుటుంబాల ఇళ్ళు చూసి వచ్చేవారట. యుద్ధంలో ఇటలీ అవతలి పక్క కదా. ఆ ఇళ్ళవాళ్ళు ఎంతో మంచివాళ్ళని, వెళ్ళినప్పుడల్లా వేడి రొట్టె, టమాటాలు పెట్టేవారని వాళ్ళ నాన్న చనిపోయేదాకా చెప్పేవాడట. అది రాసుకున్నాను. నా పుస్తకం ఆరో పేజీలో అది ఇలా తేలింది. "లోయలోని రైతు కుటుంబాలు సైనికులను ఆప్యాయంగా ఆదరించి భోజనం పెట్టేవి."

తర్వాత ఆవిడ బాణం తోక గురించి చెప్పింది. సైన్యం ఆర్డరు ప్రకారం బాణానికి తోక అంత పొడుగు అక్కర్లేదు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ, దాన్ని అందుకున్నవాడు ఒక రాయి తెచ్చి తోక చివర పెట్టేవాడు. అలా తోక పెరుగుతూ పోయింది. వాళ్ళమ్మ రాసిన ఉత్తరాలు ముప్పయ్యేడు. ఆ ఉత్తరాలన్నీ తర్వాత ఇల్లు కాలినప్పుడు పోయాయి, మిగిలినవి గుట్ట మీద రాళ్ళే. అందులో ఒకటి ఈవిడ పుట్టిందని వచ్చిన ఉత్తరానిది. దాన్ని గుర్తుపట్టడానికి వాళ్ళ నాన్న వేరే రకం రాయి వెతికి పెట్టాడట.

"చుట్టూ తెల్లటి చార ఉండేది. ప్రతి ఏప్రిల్లో వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టి వచ్చేదాన్ని" అంది.

నేను కప్పు కింద పెట్టి కోటు దగ్గరికి లాక్కున్నాను. చలిగా ఉందా అని ఆవిడ హీటరు నా వైపు తిప్పింది.

ఏటా ఏప్రిల్లో, యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే రోజున, ఆవిడ్ని గుట్ట మీదకి తీసుకెళ్ళేది ఆ పొలం ముసలాయనే. ముప్పై ఏళ్ళుగా స్నేహం. ఆ ఏడు వెళ్ళేసరికి బాణం తల ఉంది, తోక లేదు. ఏమైందని అడిగితే ఆయన, గేటు తెరిచి వదిలేశాను, నా ఆవులు తొక్కి దొర్లించి ఉంటాయి అన్నాడట. ఆవిడ ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. బయటికి వచ్చిన మాట, కేకు చాలా బాగుందని.

దారి పొడుగునా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇది నా ఒక్కదాని పరువు కాదు, చెప్తే తెలుగువాళ్ళందరికీ చెడ్డపేరు, రేపు పిల్లలకి కూడా మాట పడుతుంది అని. మా ఆయనతో కూడా అదే అన్నాను. నిజానికి నాకు తెలుగువాళ్ళ పరువు గురించి అంత బెంగేమీ లేదు. ఆ ముసలావిడ ముందు తలెత్తుకోలేనన్న భయం తప్ప ఇంకేమీ లేదు. పదిమంది వెనక దాక్కుంటే ఆ భయానికి గౌరవంగా ఉంటుంది, అంతే.

పుస్తకం అచ్చయింది. ఊరి హాలులో చిన్న సభ పెట్టారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మా నాన్నని మళ్ళీ బతికించావు అంది. ముసలాయన రాలేదు.

మరుసటి ఏప్రిల్లో ఆవిడ గుట్ట ఎక్కలేదు. ఆ తర్వాత ఏడాది మార్చిలో నాకు ఫోన్ చేసింది. గుట్ట మీద మేపుకునే హక్కు గడువు అయిపోతోందట, ఆయనకి మళ్ళీ ఇవ్వకూడదని కౌన్సిల్‌కి రాస్తోందట. చరిత్ర రాసిన మనిషిగా నేనూ ఒక ఉత్తరం రాస్తే బలం ఉంటుందంది. సరేనన్నాను. ఇది చెప్పడానికి నాకు ఒళ్ళంతా ముడుచుకుపోతోంది, కానీ ఆ ఉత్తరం సగం రాశాను కూడా. "పశువుల వల్ల జరిగిన నష్టం పూడ్చలేనిది" అన్న వాక్యం దాకా వచ్చి, అన్నం వండటానికి లేచాను.

మా అమ్మాయి అక్కడే టేబుల్ దగ్గర యూని పని చేసుకుంటోంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి నా ల్యాప్‌టాప్ చూస్తోంది. తన ఫోనులో వనభోజనాల ఫోటో తీసి దాని పక్కన పెట్టింది. గుండిగ, చుట్టూ రాళ్ళు, నడుం మీద చెయ్యి వేసుకుని నేను.

"అమ్మా, యు నో ఇట్ వాజంట్ ద కౌస్" అంది.

నేను ఎందుకు చెప్పలేకపోయానో తెలుగులో గబగబా పది నిమిషాలు చెప్పాను. అంతా విని, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, తన పని చేసుకుంది. ఇరవై ఏళ్ళ పిల్ల ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ శనివారం ఒక్కదాన్నే కారేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని భయం. పొయ్యి, గాలి, రాళ్ళు, గండి, తెల్ల చార రాయి, అన్నీ. తిడుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

"మరి తన ఆవులేనని ఆయన ఎందుకన్నాడు?"

ఆయనకి తెలియదేమో అన్నాను. అంటుండగానే ఆ రోజు ప్లేటు పట్టుకుని రాళ్ళ వైపు చూసిన ఆయన చూపు గుర్తొచ్చింది. ఆవిడ కోటు వేసుకుని, కారు తియ్యమంది.

ఆయన వాకిట్లో కంచె బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని కలిసి చూసేసరికి అర్థమైపోయినట్టుంది. పనిముట్లు పక్కన పెట్టాడు. ఆవిడే అడిగింది, నీకు తెలుసా అని. తెలుసు, రాళ్ళు మోయడం చూశాను, గండిలో వెయ్యడం కూడా కంచె దగ్గర నిలబడి చూశాను అన్నాడు.

ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు నాకు ప్లేటు ఇచ్చి, నేను తినేదాకా ఎదురుగా నిలబడ్డారు. నేను వెళ్ళాక నా టైర్ల జాడలు కూడా ఊడ్చారు. మా అమ్మ అచ్చం అలాగే చేసేది."

తర్వాత చెప్పాడు. ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు, ఇటలీవాడన్న ఒక్క కారణానికి వాళ్ళ నాన్నని నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. వారం వారం గుట్ట మీంచి ఇద్దరు సైనికులు దిగి వచ్చేవారు. రేడియో ఉందా, ఇంట్లో ఎవరైనా దాక్కున్నారా అని గదులన్నీ చూసేవారు. వాళ్ళమ్మ అప్పుడే రొట్టె కాల్చి, టమాటాలు కోసి పెట్టేది. వాళ్ళు తినేదాకా నవ్వుతూ నిలబడేది. వెళ్ళాక వాళ్ళ బూట్ల గుర్తులు పోయేదాకా వాకిలి ఊడ్చేది. ఇదంతా అక్క చెప్పింది, నాకు ఊహ తెలియదు అన్నాడు. కానీ ఊడవడం మాత్రం తన కళ్ళతో చూశాడు. యుద్ధం అయిపోయి వాళ్ళ నాన్న ఇంటికి వచ్చాక కూడా, ఎవరు వచ్చి వెళ్ళినా, ఆవిడ చనిపోయేదాకా వాళ్ళ అడుగులు ఊడుస్తూనే ఉందట.

"అంత భయపడుతున్న మనిషి మీద ఏం చెప్పను? ఆవులకైతే పోయేదేముంది" అన్నాడు.

ముసలావిడ కంచె పట్టుకుని నిలబడింది. తన తండ్రి అంత ఇష్టంగా చెప్పుకున్న రొట్టె అది. ముప్పై ఏళ్ళ స్నేహంలో ఆయన ఆ సంగతి ఒక్కసారి కూడా ఆవిడతో అనలేదు. ఆయనే వచ్చి, పదండి, వెలుతురు ఉండగానే పైకి వెళ్దాం అన్నాడు.

నేనైతే ఎక్కడ చూడాలో తెలియక నేల వైపు చూస్తున్నాను. నేను పెట్టింది భోజనం అనుకున్నాను. అది లంచమని ఆయనకి మొదటి ముద్దలోనే తెలుసు, తెలిసే బాగుందన్నాడు. ఆ తర్వాత నా మీద పడాల్సిన నింద మోసుకుని, ఉన్న ఒక్క స్నేహితురాలినీ పోగొట్టుకుని, రెండేళ్ళు ఊరుకున్నాడు. నేనేమో ఆయన మీద ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

గండిలోకి నేనూ ఆయనా దిగాం. దొరికినన్ని రాళ్ళు పైకి తెచ్చాం. ఏది ఎవరి ఉత్తరమో ఇక ఎవరికీ తెలియదు. తెల్ల చార రాయి అడుగున దొరికింది, ఒక మూల పగిలి ఉంది. బోర్లా పడటం వల్లేమో నూనె మరకా, కొంచెం పసుపూ ఇంకా ఉన్నాయి. పసుపు ఏమిటని ఆవిడ అడిగింది. దీపం పెట్టడానికి రాశానని చెప్పాను. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను నీళ్ళ సీసా తీసి కడగబోతే వద్దంది. నన్ను క్షమించానని ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆయన చెయ్యి మాత్రం పట్టుకుని దిగింది.

రెండో ముద్రణకి ఆరో పేజీ, తొమ్మిదో పేజీ మళ్ళీ రాసి ఇచ్చాను. "కార్తీక వనభోజనాలకి వచ్చిన రోజు ఈ రాళ్ళు తీయించిందీ పారేయించిందీ ఈ పుస్తక రచయిత్రి" అని రాశాను. ఫోటో తీసేయమన్నాను. మా సంఘంలో కొందరికి కోపం వచ్చింది, అంత వివరంగా ఎందుకన్నారు. వాళ్ళ మాట నాకు బాగా అర్థమవుతుంది, అది నా మాటే.

ఆ సాయంత్రం గుట్ట దిగే ముందు జరిగింది ఒకటి చెప్పాలి. రాళ్ళన్నీ పేర్చేశాం. మట్టి నిండా మా ముగ్గురి అడుగులు. నాకు తెలియకుండానే యూకలిప్టస్ కొమ్మ ఒకటి విరిచాను. ఊడవటానికి వంగాను. ఆయన నా చేతిలోంచి కొమ్మ తీసుకుని పక్కన పడేశాడు.

కారు దాకా నడిచాను. ఎక్కబోతూ వెనక్కి చూశాను. అడుగులు అలాగే ఉన్నాయి, ఎవరు వచ్చినా కనిపించేలా. వాటిని అలా వదిలి రావడానికి నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.